బస్రాలో పోయిన పెట్టె, కలిదిండిలో దొరికిన పెట్టె

2015 నవంబరులో దక్షిణ ఇరాక్‌లోని బస్రా దగ్గర ఒక గోదాములోంచి చిన్న పెట్టె ఒకటి మాయమైంది. సైజు లాప్‌టాప్ అంత. లోపల ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది, మహా అయితే పది గ్రాములు. చమురు, గ్యాస్ పైపుల వెల్డింగ్ జాయింట్లకు ఎక్స్‌రే లాంటిది తీసి లోపలి పగుళ్లు పట్టుకోవడానికి వాడే పరికరంలోది అది. పరికరం తుర్కియేలోని ఒక పరీక్షల కంపెనీది. దాచిన ఆవరణ ఒక అమెరికా చమురు సర్వీసుల కంపెనీది. తాళం పగలగొట్టిన జాడ లేదు, తలుపు విరిచిన ఆనవాలు లేదు. ఇరాక్ ప్రభుత్వం ఆ నెలలోనే అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు సమాచారం ఇచ్చింది. బస్రా జనానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

2016 ఫిబ్రవరి 17న రాయిటర్స్ వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టింది. ఇస్లామిక్ స్టేట్ ముఠా ఇరాక్‌లో పెద్ద పెద్ద ప్రాంతాలనే చేతిలో పెట్టుకుని ఉన్న రోజులవి. అందుకే అందరూ వెంటనే భయపడింది ఒక్కదానికే: దీన్ని మామూలు బాంబుకు కట్టి పేల్చి ఊరంతా రేడియేషన్ చల్లుతారేమోనని. నాలుగు రోజులు తిరక్కుండానే పెట్టె దొరికింది. బస్రాకు దగ్గర్లో ఉన్న జుబైర్ పట్టణంలో, పెట్రోలు బంకు పక్కన పడేసి ఉంటే, దారిన పోయే మనిషి చూసి భద్రతా దళాలకు కబురు చేశాడు. పెట్టె చెక్కుచెదరలేదు.

మూడు నెలల పాటు దొరకని వస్తువు పేపర్లో పడ్డాక నాలుగు రోజుల్లో రోడ్డు పక్కకు వచ్చింది. వార్త వల్లే వచ్చిందని రుజువు చేయడం కుదరదు. కానీ ఇలాంటి కేసులు వరసగా చూస్తూ పోతే రెండు సంగతులు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ఇవి తీసుకుపోయేవాళ్లలో ఎక్కువమందికి రేడియేషన్‌తో పని లేదు. బండి కోసమో, పెట్టె కోసమో, లోపలి బరువైన లోహం కోసమో వస్తారు. ఇక తిరిగి దొరకడం అన్నది యంత్రాల కంటే ఎక్కువగా, విషయం ఎంత తొందరగా ఎంతమంది చెవిన పడిందన్నదాని మీద ఆధారపడుతుంది.

ముందు ఆ పరికరం ఎలా పనిచేస్తుందో చూడాలి. మన దగ్గర రిఫైనరీల్లో, షిప్‌యార్డుల్లో, బాయిలర్లు తయారుచేసే చోట పనిచేసేవాళ్లు దీన్ని గామా కెమెరా, లేదంటే ఉత్త కెమెరా అంటారు. ఫొటోలు తీసే కెమెరాతో దీనికి పోలికే లేదు. ఇరవై కిలోలకు అటూ ఇటూగా బరువుండే దిమ్మ, పైన పట్టుకోవడానికి పిడి. లోపల సీసం కంటే చాలా బరువైన యురేనియం కవచం. అణు ఇంధనానికి పనికిరాని యురేనియాన్నే ఇలా అడ్డుగోడగా వాడతారు. ఆ కవచం మధ్యలో వంకర తిరిగిన గొట్టం ఉంటుంది. పొట్టి తీగ కొసన బిగించిన స్టీలు గుళికలో ఇరిడియం బిళ్లలు ఉంటాయి, అన్నీ కలిపినా కొద్ది మిల్లీమీటర్లే. పనివాళ్లు దాన్ని సోర్స్ అంటారు. జాయింటుకు ఒక పక్క ఫిల్ము అతికించి, కెమెరాకు పొడవాటి గొట్టం తగిలించి, దూరంగా నిలబడి మర తిప్పుతారు. తీగ ముందుకు జరిగి సోర్స్ కవచం దాటి గొట్టం చివరికి చేరుతుంది. ఫిల్ముకు సరిపడా సేపు ఆగి మళ్లీ వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని కెమెరా దగ్గరికి వెళ్లి, సోర్స్ నిజంగా లోపలికి వచ్చిందా లేదా చూసుకోవాలి. ప్రాణాలు నిలిపేది ఆ ఆఖరి అరనిమిషం పనే.

లోపల ఉన్నంతసేపు కెమెరాను చేత్తో మోసుకెళ్లవచ్చు. బయటికొస్తే లెక్క మారిపోతుంది. 37 క్యూరీల (క్యూరీ అంటే రేడియోధార్మికతకు కొలత) ఇరిడియం సోర్స్ నుంచి మీటరు దూరంలో నిలబడితే గంటకు సుమారు 170 మిల్లీసీవర్టుల మోతాదు తగులుతుంది. ఒంటికి తగిలే రేడియేషన్‌ను సీవర్టుల్లో కొలుస్తారు. రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగికి మన దేశంలో పెట్టుకున్న పరిమితి ఏడాదికి సగటున 20. అంటే ఏడాది కోటా పది నిమిషాల్లోపే అయిపోతుంది. జేబులో వేసుకుంటే దూరం మీటరు కాదు, సెంటీమీటరు. దూరం వంద రెట్లు తగ్గితే తీవ్రత పదివేల రెట్లు పెరుగుతుంది.

ఇరిడియం-192 ప్రతి 74 రోజులకు సగానికి పడిపోతుంది. బస్రాలో పోయిన సోర్స్ పెట్రోలు బంకు దగ్గర కనిపించేనాటికి దాని శక్తి మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగిలి ఉండాలి. ఏడాది గడిస్తే ముప్ఫయ్యో వంతు. ఒక రకంగా ఇది ఊరట, కాలం మన తరఫున పనిచేస్తోందన్నమాట. కానీ దీనివల్లే ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని నెలలకోసారి పాత సోర్స్ తీసి కొత్తది వేయాలి కాబట్టి ఈ వస్తువులు ఎప్పుడూ ఫ్యాక్టరీకి, డిపోకు, సైటుకు మధ్య రోడ్ల మీదే తిరుగుతుంటాయి. తిరిగే వస్తువే పోతుంది.

ఇంకో రకం పరికరం ఉంది. దొంగతనాల లెక్కలో దీని పేరే ఎక్కువ వినిపిస్తుంది, ముఖ్యంగా అమెరికాలో. రోడ్డు వేసేటప్పుడు మట్టి పొర మీద రోలర్ తొక్కించాక అది సరిపడా గట్టిపడిందా, తేమ ఎంతుందో అక్కడికక్కడే కొలిచే సాంద్రతా గేజ్ ఇది. మన దగ్గర చాలా పనుల్లో గొయ్యి తీసి, తీసిన మట్టి తూచి, ఆ గోతిలో ఇసుక పోసి కొలిచే పాత పద్ధతే కనిపిస్తుంది. గేజ్ అదే పనిని నిమిషంలో ముగిస్తుంది. మట్టిలో ఇనుప కడ్డీతో బెజ్జం చేసి, గేజ్ పిడిని కిందికి నొక్కితే, కొసన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న కడ్డీ ఆ బెజ్జంలోకి దిగుతుంది. దాన్నుంచి వచ్చే గామా కిరణాలు మట్టిలోంచి పైకొచ్చి పరికరం అడుగున ఉన్న, కిరణాలను లెక్కపెట్టే గొట్టాలను తాకుతాయి. మట్టి ఎంత గట్టిగా ఉంటే అన్ని తక్కువ కిరణాలు చేరతాయి. తేమ కోసం అమెరీషియం-బెరీలియం అనే రెండో సోర్స్ ఉంటుంది. అది వదిలే న్యూట్రాన్ల వేగాన్ని నీటిలోని హైడ్రోజన్ తగ్గిస్తుంది, వేగం తగ్గినవాటిని లెక్కపెడితే తేమ తెలుస్తుంది. అమెరికాకు వెళ్లి మెటీరియల్ టెస్టింగ్ పనుల్లో చేరిన సివిల్ ఇంజినీర్లకు ఈ పరికరం, దాని పసుపు పెట్టె బాగా పరిచయం. గేజ్ బరువు పదిహేను కిలోల లోపే. మోసుకెళ్లే పెట్టెతో కలిపితే నలభై దాకా వస్తుంది.

అక్కడ పనివాడి రోజు ఎలా గడుస్తుందో తలచుకుంటే దొంగతనం ఎక్కడ జరుగుతుందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. పొద్దున్నే ఆఫీసులో గేజ్ తీసుకుని పికప్ ట్రక్ వెనక వేసుకుంటాడు. రెండు మూడు సైట్లు తిరుగుతాడు. మధ్యాహ్నం హోటల్ ముందు బండి ఆపి భోజనానికి వెళతాడు. సాయంత్రానికి అలసిపోయి, మళ్లీ ఆఫీసు దాకా ఎందుకులే, రేపు పొద్దున్నే సైటుకేగా వెళ్లేది అనుకుని బండి ఇంటి ముందు పెట్టుకుంటాడు. తెల్లారేసరికి పెట్టె ఉండదు, గొలుసు తెగి ఉంటుంది. కొన్నిసార్లు బండే ఉండదు. 2005 నాటికి అమెరికా అణు నియంత్రణ కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం ఏటా యాభై దాకా గేజ్‌లు ఇలా పోతున్నాయి, దొరికేవి సగానికంటే తక్కువ. వీటిలో ఎక్కువ భాగం బయట నిలిపి ఉంచిన బండ్లలోంచే పోయాయి.

ఆ ఏడాది కమిషన్ తెచ్చిన నిబంధన చాలా మామూలుది. గేజ్ దగ్గర మనిషి లేనప్పుడల్లా, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అడ్డంకులు ఉండాలి. రెండు గొలుసులు, రెండు తాళాలు. లేదా తాళం వేసిన పెట్టెను తాళం వేసిన గదిలో పెట్టడం. ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. గొలుసు కత్తిరించడానికి దొంగకు పట్టే సమయం రెట్టింపు చేయడమే దాని ఉద్దేశం. బండి వెనక ఏ సామాను దొరికితే అది లాక్కుపోయేవాడు తొందర మనిషి. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే పక్క బండి చూసుకుంటాడు. రేడియేషన్ గురించి తెలిసి, కావాలనే దాని కోసం వచ్చేవాడిని ఈ రెండు గొలుసులు ఆపలేవన్నది నిజమే. అయితే అలా వచ్చేవాడు చాలా అరుదు. రోజూ జరిగే నష్టం అలసిపోయిన ఉద్యోగికి, తొందరపడే దొంగకు మధ్యలోనే ఉంది కాబట్టి ఈ నిబంధన తెలివైనదే అనాలి.

గామా కెమెరాను, గేజ్‌ను ఒకే భయంతో చూడటం మాత్రం తప్పు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సోర్స్‌లను ఐదు తరగతులుగా విడగొట్టింది. గామా కెమెరా రెండో తరగతి. కవచం లేకుండా దగ్గర పెట్టుకుంటే నిమిషాల నుంచి గంటల్లో శాశ్వత గాయం, గంటల నుంచి రోజుల్లో ప్రాణాపాయం. చమురు బావుల్లోకి దింపే సోర్స్‌లు మూడో తరగతి. రోడ్డు గేజ్ నాలుగో తరగతి, శాశ్వత గాయం చేసే అవకాశం తక్కువ. వార్తల్లో ఈ తేడా సాధారణంగా కనిపించదు. ఏది పోయినా 'అణు పరికరం చోరీ' అనే శీర్షికే. దాంతో గేజ్ పోయినప్పుడు జనం అవసరానికి మించి టెన్షన్ పడతారు. నిజంగా భయపడాల్సిన కెమెరా పోయినప్పుడు, పోయినసారి ఏమీ కాలేదుగా అని వదిలేస్తారు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఆ ప్రమాదం ఎలా ఉంటుందో పెరూ దేశంలో జరిగిన సంగతి చెబుతుంది. అది దొంగతనం కాదు. 1999 ఫిబ్రవరి 20న యనాంగో అనే చోట జలవిద్యుత్ కేంద్రం పనుల్లో ఉన్న ఒక వెల్డరుకు నేల మీద చిన్న లోహపు ముక్క కనిపించింది. కెమెరాలోంచి ఊడిపడ్డ ఇరిడియం సోర్స్ అది, 37 క్యూరీలు. ఏమిటో తెలియక ప్యాంటు వెనక జేబులో వేసుకుని గంటల తరబడి పని చేసుకున్నాడు. తొడ వెనక నొప్పి మొదలైంది. అదే జేబుతో ఇంటికి వెళ్లాడు. ఆ రాత్రి సైటులో రేడియోగ్రఫీ చేసినవాళ్లు ఫిల్ము కడిగి చూస్తే దాని మీద ఏమీ పడలేదు. కెమెరాలో సోర్స్ లేదని అప్పటికి గాని తెలియలేదు. వెతుక్కుంటూ అర్ధరాత్రి దాటాక ఆయన ఇంటికి చేరి దాన్ని తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది, కాలు మాత్రం తీసేయాల్సి వచ్చింది. విప్పిన ప్యాంటు మీద కాసేపు కూర్చున్న భార్యకు కూడా రేడియేషన్ తగిలింది.

మీటరుతో చూసే ఆ అరనిమిషం పని అక్కడ సకాలంలో జరిగి ఉంటే, సోర్స్ లేదన్న సంగతి ఇంకా ముందే తెలిసేదేమో.

మరుసటి ఏడాది ఈజిప్టులో మీత్ హల్ఫా అనే ఊళ్లో ఒక రైతుకు ఇలాంటి ఇరిడియం సోర్సే దొరికింది. విలువైన లోహం అనుకుని ఇంటికి తెచ్చాడు. ఇంట్లోవాళ్ల ఒంటి మీద పుండ్లు లేస్తే చర్మరోగం అనుకుని వైద్యం చేయించారు. కొద్ది రోజుల తేడాతో చిన్న కొడుకు, ఆ తర్వాత తండ్రి చనిపోయారు. మిగతా కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది. మొరాకోలోని మొహమ్మదియాలో 1984లో ఇంకా ఘోరం జరిగింది, ఇంటికి తెచ్చిన ఇరిడియం సోర్స్ ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. వీళ్లలో ఎవరూ దొంగలు కారు. మెరిసే ముక్క కనిపిస్తే తీసి దాచుకోవడం ఎవరైనా చేసే పనే. ఎత్తుకుపోయిన కెమెరాను దొంగ విప్పి పడేస్తే చివరికి దాని దగ్గరికి చేరేది ఇలాంటివాళ్లే, వాళ్ల పిల్లలే.

పోయిన వస్తువు కోసం వెతకడం అనగానే, మీటరు పట్టుకుని తిరిగితే అదే కూస్తుంది కదా అనుకుంటాం. రోడ్డు గేజ్ విషయంలో లెక్క వేసి చూద్దాం. అందులో సీజియం సుమారు 0.3 గిగాబెక్వరెల్‌లు (క్యూరీలాగే ఇదీ రేడియోధార్మికతకు కొలత). కవచం బయట ఉందనుకున్నా మీటరు దూరంలో గంటకు పాతిక మైక్రోసీవర్టులు (మిల్లీసీవర్టులో వెయ్యో వంతు ఒక మైక్రోసీవర్టు). పది మీటర్లలో పావు మైక్రోసీవర్టు. ముప్ఫై మీటర్లు దాటితే నేలలోంచి, ఆకాశంలోంచి ఎప్పుడూ వచ్చే సహజ రేడియేషన్‌లో కలిసిపోతుంది. పెట్టెలో భద్రంగా ఉంటే ఇంకా దగ్గరికి వెళ్లాలి. దొంగ దాన్ని షెడ్డులో ఇటుక గోడ వెనక పెడితే వీధిలో వెళ్లే వాహనానికి ఏమీ తెలియకపోవచ్చు. విచిత్రం ఏమిటంటే, కవచం ఎంత బాగా పనిచేస్తే వెతకడం అంత కష్టం. పరికరాలు దొరికేలా చేసేది చుట్టుపక్కల మనుషులే, పరికరం వదిలే కిరణాలు మాత్రమే కాదు.

కవచం లేని సోర్స్ అయితే కథ వేరు. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక ఇనుప గని నుంచి పెర్త్ నగరానికి లారీలో వెళ్తున్న గేజ్‌లోంచి సీజియం గుళిక జారిపోయింది. ఎత్తు 8 మిల్లీమీటర్లు, వెడల్పు 6. కందిగింజ కంటే కాస్త పెద్దది. దారి 1400 కిలోమీటర్లు. కుదుపులకు గేజ్ విడిపోయింది, బోల్టు ఒకటి ఊడిపోయింది, గుళిక బయటపడింది. లారీ జనవరి 12న బయలుదేరి 16న చేరింది. పెట్టె తెరిచి చూసింది 25న. జనానికి చెప్పింది 27న. ఫిబ్రవరి 1న, రేడియేషన్ పసిగట్టే పరికరాలు బిగించిన వాహనం గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా న్యూమన్ పట్టణానికి దక్షిణంగా రోడ్డు అంచుకు రెండు మీటర్ల దూరంలో దొరికింది. గడ్డివాములో సూది వెతకడమే అది, దొరకడం గొప్ప పనే. దొరకడానికి కారణం మాత్రం ఆ గుళిక కవచం లేకుండా, 19 గిగాబెక్వరెల్‌ల శక్తితో, ఎవరూ ముట్టుకోని ఎడారి రోడ్డు పక్కన పడి ఉండటం. రద్దీ ఉన్న ఊరిలో పడి ఉంటే పదిహేను రోజుల్లో అది ఎవరి బూటు కిందో, ఎవరి జేబులోకో చేరేది.

ఇక్కడ లెక్కించాల్సిన అంకె ఇంకోటుంది. వస్తువు చేరిన రోజుకు, పెట్టె తెరిచిన రోజుకు మధ్య తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ కాగితాల్లో అంతా సరిగ్గానే ఉంది. బస్రాలోనూ పెట్టె ఒకరిది, గోదాము ఇంకొకరిది. బాధ్యత ఎవరిదని అడిగితే ఎవరి సమాధానం వారికి ఉంది. రేడియోధార్మిక పరికరం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారే ప్రతిచోటా పెట్టె తెరిచి మీటరు పెట్టి చూసి సంతకం చేస్తే, పోయిన గంట తెలుస్తుంది. లేకపోతే పోయిన వారం మాత్రమే తెలుస్తుంది, ఆ వారంలో వస్తువు ఎంత దూరమైనా వెళ్లగలదు.

ఇక జనానికి చెప్పాలా వద్దా అన్న ప్రశ్న. చెబితే భయం వ్యాపిస్తుందని, దొంగకు దాని విలువ తెలిసిపోతుందని అధికారులు వెనకాడతారు. ఈ వాదనను కొట్టిపారేయలేం. ఊళ్లో ఒక్కసారి పుకారు లేస్తే ఆపడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అయినా అమెరికాలో గేజ్ పోయినప్పుడు చాలాచోట్ల చేసే పని మనం చూసి నేర్చుకోదగ్గది. పెట్టె ఫొటో పెడతారు. ఇది తెరవకుండా ఉంటే ప్రమాదం లేదు, తెరవొద్దు, ఈ నంబరుకు చెప్పండి అంటారు. తెచ్చినవాళ్లకో, చెప్పినవాళ్లకో బహుమతి ప్రకటిస్తారు. తిరిగి దొరికిన గేజ్‌లలో కొన్ని రోడ్డు పక్కన, కొన్ని తాకట్టు దుకాణాల్లో కనిపించాయి. దొంగకు అది అమ్ముడుపోని వస్తువని, ఇంట్లో ఉంచుకుంటే తనకే ముప్పని తెలిస్తే వదిలించుకోవడానికే చూస్తాడు. వదిలించుకునే దారి మనం చూపించాలి, లేకపోతే దాన్ని కాలవలో పడేస్తాడు.

ఈ విషయం తెలుగు నేలకు ఎంత దగ్గరో 2019 జనవరిలో తెలిసింది. కృష్ణా–గోదావరి డెల్టాలో చమురు, గ్యాస్ బావులు తవ్వేటప్పుడు లోపలి రాతి పొరలు ఎంత గట్టివో తెలుసుకోవడానికి రేడియోధార్మిక సోర్స్‌లు వాడతారు. ఓఎన్‌జీసీ పనులకు వాడే సీజియం-137 ఉన్న పెట్టె ఒకటి రవాణాలో కనపడకుండా పోయింది. పోలీసులు గాలించారు. చివరికి అది కలిదిండిలో, పాత ఇనుప సామాన్లు కొనే దుకాణంలో దొరికింది. అప్పుడు కృష్ణా జిల్లాలో, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న ఊరు అది.

తుక్కు దుకాణంలోనే దొరకడంలో ఆశ్చర్యం లేదు. కాంటా మీద బరువు తూగే ఏ వస్తువైనా మన ఊళ్లలో చివరికి చేరేది అక్కడికే. సైజుకు మించి బరువున్న దిమ్మ వచ్చిందంటే లోపల సీసం ఉందని దుకాణం మనిషికి చేత్తో ఎత్తగానే అర్థమవుతుంది. ఇనుము కంటే సీసానికి రేటు ఎక్కువ. పైన ఇంగ్లీషులో రాసిన హెచ్చరిక, మూడు రెక్కల గుర్తు అతని కంటికి కంపెనీ మార్కులాగే కనిపిస్తాయి. తర్వాతి పని సుత్తి, ఉలి, అవి చాలకపోతే గ్యాస్ కటింగ్. కలిదిండిలో అంతదాకా రాకముందే పోలీసులు చేరడం మన అదృష్టం.

అంతదాకా వస్తే ఏమవుతుందో ఢిల్లీలోని మాయాపురి చూసింది. అక్కడ చోరీ కూడా లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో వేలం వేశారు. కొన్నవాళ్లు మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పారు, కోబాల్ట్-60 కడ్డీలు బయటపడ్డాయి, ముక్కలు దుకాణాల మధ్య చేతులు మారాయి. ఏప్రిల్‌లో సంగతి బయటపడేసరికి పలువురు ఆసుపత్రుల్లో ఉన్నారు, ఒక కార్మికుడు చనిపోయాడు. తుక్కు కరిగించే కొలిమి దాకా వెళ్తే ఇంకో అధ్యాయం మొదలవుతుంది. 1983 చివర్లో మెక్సికోలోని సియుదాద్ హువారెజ్‌లో కోబాల్ట్ వైద్య యంత్రం తుక్కులో కలిసి, ఇళ్లు కట్టే ఇనుప కడ్డీలుగా మారింది. 1984 జనవరిలో ఆ కడ్డీల లోడుతో వెళ్తున్న లారీ దారి తప్పి అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల దగ్గరికి వెళ్లి, అక్కడి అలారం మోగితే గాని ఎవరికీ తెలియలేదు.

మన దేశంలో చట్టం లేక కాదు. 1983లో ఏర్పడ్డ అణుశక్తి నియంత్రణ మండలి ఉంది. 2004 నాటి రేడియేషన్ రక్షణ నిబంధనలు ఉన్నాయి. పరికరం కొనాలన్నా, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు తీసుకెళ్లాలన్నా అనుమతి కావాలి. ప్రతి సంస్థకు రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి. సోర్స్ పోతే 24 గంటల్లోపు మండలికి తెలపాలి. కాగితం మీద ఇది ఏ దేశానికీ తీసిపోదు. బలహీనత ఉన్నది కింద. పెద్ద కంపెనీ పని తీసుకుంటుంది, వెల్డింగ్ పరీక్ష చిన్న కంపెనీకి ఇస్తుంది, ఆ కంపెనీ ఇద్దరు కుర్రాళ్లను కెమెరాతో సైటుకు పంపిస్తుంది. పగలు సైటులో జనం ఉంటారు కాబట్టి రేడియోగ్రఫీ ఎక్కువగా రాత్రిళ్లే. తెల్లవారుజామున మూడింటికి పని ముగించుకుని నిద్రమత్తులో ఉన్న మనిషి కెమెరాను సోర్స్ పిట్‌లో, అంటే దాన్ని దాచే గోతిలో పెట్టి తాళం వేసి రిజిస్టరులో రాస్తాడా, బండిలోనే ఉంచి పడుకుంటాడా అన్నదాని మీద ఊరి భద్రత ఆధారపడి ఉంది. ఆ మనిషికి ఇచ్చే జీతం, విశ్రాంతి, సైటు దగ్గర తాళం పడే గది, ఇవి కూడా రేడియేషన్ భద్రతలో భాగమేనని కాంట్రాక్టులు రాసేవాళ్లు గుర్తించాలి.

ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పే ట్రాకింగ్ కూడా ఉంది. 2014 సెప్టెంబరులో వియత్నాంలోని హో చి మిన్ సిటీలో ఒక గామా కెమెరా పోయి వారం లోపు దొరికింది. ఆ తర్వాత దక్షిణ కొరియా తన దగ్గర వాడుతున్న ట్రాకింగ్ పద్ధతిని వియత్నాంలో పెట్టడానికి సాయం చేసింది. కెమెరాకు బిగించిన చిన్న పరికరం అదెక్కడుందో, దగ్గర రేడియేషన్ ఎంతుందో కేంద్రానికి పంపుతుంది. అద్దె బైకులకే ఇలాంటిది పెట్టుకుంటున్న రోజుల్లో గామా కెమెరాలకు పెట్టకపోవడానికి ఖర్చును సాకుగా చెప్పడం సరికాదు. అసలు సోర్సే లేకుండా పని జరిగే మార్గాలూ పెరుగుతున్నాయి. చాలా జాయింట్లకు అల్ట్రాసౌండ్ పరీక్ష సరిపోతోంది. రోడ్డు పొరల సాంద్రతకు విద్యుత్ తరంగాలతో కొలిచే గేజ్‌లు వచ్చాయి. వాడకంలో లేని పరికరం పోయే ప్రసక్తే ఉండదు కాబట్టి, కుదిరిన ప్రతిచోటా ఇటు మళ్లడమే అన్నిటికంటే గట్టి తాళం.

హెచ్చరిక గుర్తు సంగతి ఒకటి మిగిలింది. పసుపు మీద నల్లటి మూడు రెక్కల గుర్తు, దాని గురించి ముందే తెలిసినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు సరిగా అర్థం కావడం లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ గమనించింది. కొత్త గుర్తు తయారుచేయించి, భారత్‌తో కలిపి 11 దేశాల్లో 1650 మందికి చూపించి పరీక్షించింది. 2007లో విడుదలైన ఆ గుర్తు ఎర్రటి త్రికోణం. పైన కిరణాలు, కింద పుర్రె, పక్కన పరుగెత్తే మనిషి. దాన్ని పరికరం పైన అతికించరు. విప్పడం మొదలుపెట్టినవాడికి కనపడేలా లోపలి భాగం మీద పెడతారు. అయితే అది మొదటి మూడు తరగతులకే. నాలుగో తరగతి రోడ్డు గేజ్ పెట్టె మీద ఇప్పటికీ ఉన్నది ఆ మూడు రెక్కలు, ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు ఊళ్ల మీదుగా తిరిగే పెట్టెల మీద 'దీన్ని విప్పితే ప్రాణానికి ప్రమాదం, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని తెలుగులో రెండు ముక్కలు రాయించడానికి కంపెనీకి అయ్యే ఖర్చు ఒక స్టిక్కరు. కాంటా దగ్గర కూర్చున్న మనిషి దాన్ని చదవగలడు.